భీముడికి అర్జున అవార్డు: పాత సీరియళ్ళ క్విజ్‌లో ఏం అడగాలి, ఏం వదిలేయాలి

మీరు అడిగింది ఇదీ: సంక్రాంతికి మీ అపార్ట్‌మెంట్లో పాత టీవీ సీరియళ్ళ మీద క్విజ్ పెడుతున్నారు. దూరదర్శన్ చూసి పెరిగిన పెద్దవాళ్ళూ, లాక్‌డౌన్లో తప్ప రామాయణం ఎరగని కాలేజీ పిల్లలూ ఒకే జట్టులో కూర్చుంటారు. నెట్లో దొరికే ప్రశ్నలన్నీ "ఎన్ని ఎపిసోడ్లు, ఏ సంవత్సరం" రకమే. మంచి ప్రశ్నలు కావాలి, వాటిలో ఏవి నమ్మొచ్చో కూడా తెలియాలి.

ఇలాంటి క్విజ్‌లు చాలాకాలంగా నడుపుతున్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. ముందు అంకెల ప్రశ్నలన్నీ తీసేయండి. రామాయణం 78 ఎపిసోడ్లు, మహాభారతం 94, భారత్ ఏక్ ఖోజ్ 53. అంకెలు తప్పేం కాదు. కానీ తెలిసినవాడు గబుక్కున చెప్పేస్తాడు, తెలియనివాడు ఫ్యాన్ వైపు చూస్తాడు, జవాబు విన్నాక ఎవరి ముఖమూ మారదు. టీవీ ప్రశ్నలో రుచంతా, మన బుర్రలో ఎక్కడెక్కడో విడివిడిగా పడున్న రెండు జ్ఞాపకాలు ఒకే మనిషివని తేలినప్పుడే వస్తుంది. వెనక వరసలోంచి "అయ్యో, ఆవిడేనా ఈవిడ!" అని వినబడాలి. ప్రతి ప్రశ్ననీ ఆ కేక కోసమే తయారుచేసుకోండి.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ 'ఉడాన్'. 1989లో వచ్చింది. కల్యాణీ సింగ్ అనే అమ్మాయి ఐపీఎస్ అధికారిణి అయ్యే కథ. రాసిందీ, దర్శకత్వం చేసిందీ, ఆ పాత్ర వేసిందీ కవితా చౌదరి ఒక్కరే. ఆ పేరు చెప్తే హాల్లో సగంమందికి వెలగదు. కానీ సర్ఫ్ ప్రకటనలో కనిపించి, చవకగా దొరికేదానికీ మంచి సరుకుకీ తేడా వివరించి చెప్పే లలితాజీ అంటే యాభై దాటిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇద్దరూ ఒకరే! ఇక్కడితో ఆపకండి, ఇందులో ఇంకో మెలిక ఉంది. ఉడాన్ కథకు ఆధారం కవిత సొంత అక్క కాంచన్ చౌదరి భట్టాచార్య జీవితం. ఆవిడ 2004లో అప్పటి ఉత్తరాంచల్‌కి డీజీపీ అయ్యారు. దేశంలో ఒక రాష్ట్ర పోలీసు శాఖకు అధిపతి అయిన తొలి మహిళ ఆవిడే. సీరియల్లో ఐపీఎస్‌తో ఆగిన కథ, బయట పదిహేనేళ్ళ తర్వాత డీజీపీ దాకా వెళ్ళిందన్నమాట.

దీన్ని మూడు మెట్లుగా అడగండి. ముందు డీజీపీ అక్క గురించి చెప్పి, చెల్లెలు తీసిన సీరియల్ అడగండి, ముప్ఫై మార్కులు. రాకపోతే సీరియల్ పేరు మీరే చెప్పి, రాసి నటించింది ఎవరని అడగండి, ఇరవై. అదీ రాకపోతే సర్ఫ్ అనండి, పది. మూడో మెట్టు దగ్గర అమ్మమ్మలు లేచి చెప్తారు. పోలీసు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు ఉంటే మొదటి మెట్టులోనే అందుకుంటారు. వయసు తేడా సమస్యకి నాకు తెలిసిన మంచి విరుగుడు ఇదే.

ఇక మహాభారతం. బి.ఆర్. చోప్రా తీసినది, 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ దాకా వచ్చింది. ఇందులో ప్రశ్నల పంట పండుతుంది. అన్నిటికంటే ముందు పెట్టాల్సింది: "అర్జున అవార్డు అందుకున్న భీముడు ఎవరు?" వినగానే తిరకాసు అనుకుంటారు, కాదు. భీముడి వేషం వేసిన ప్రవీణ్ కుమార్ సోబ్తీ అసలు సిసలు క్రీడాకారుడు. 1966, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రెండుసార్లూ డిస్కస్ త్రోలో స్వర్ణం. 1968 మెక్సికో, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పాల్గొన్నారు. 1967లో అర్జున అవార్డు. బీఎస్ఎఫ్‌లో ఉద్యోగం. దీనికి కొసరు ప్రశ్న కూడా ఉంది. అదే సీరియల్లో అర్జునుడు వేసిన నటుడి అసలు పేరు ఫిరోజ్ ఖాన్. ఆ పాత్ర తర్వాత ఆయన తెరపేరే అర్జున్ అయిపోయింది. అవార్డు భీముడికి పోయింది, పేరు మాత్రం అర్జునుడికి దక్కింది.

దుర్యోధనుడి ప్రశ్నకి అమితాబ్ అభిమానులు ఎగిరి గంతేస్తారు. 1982లో బెంగళూరులో 'కూలీ' షూటింగ్‌లో అమితాబ్ ప్రాణం మీదికి వచ్చిన పోరాట సన్నివేశం గుర్తుందిగా, అందులో ఎదురుగా ఉన్న నటుడు పునీత్ ఇస్సార్. తర్వాత దుర్యోధనుడు అయ్యింది ఆయనే. అది ప్రమాదమేనని ప్రశ్నలోనే చెప్పేయండి, లేకపోతే ఎవరో ఒకరు "కావాలనే కొట్టాడంట" అని మొదలెడతారు.

ఇదే సీరియల్లో అన్ని ఎపిసోడ్లకూ కావలసినవాడు, తెరమీద మాత్రం ఒక్కసారీ కనిపించనివాడు ఎవరు? 'కాలం' పాత్రకి గొంతు ఇచ్చిన హరీష్ భిమానీ. గంగ వేషం వేసింది కిరణ్ జునేజా. అంతకు రెండేళ్ళ ముందు రమేష్ సిప్పీ తీసిన 'బునియాద్'లో వీరాంవాలీ కూడా ఆవిడే. షోలే దర్శకుడు టీవీకి వచ్చాడన్నదే అప్పట్లో పెద్ద వార్త. మహాభారతానికి మాటలు రాసింది 'ఆధా గావ్' నవలాకారుడు రాహీ మాసూమ్ రజా. ఈ ప్రశ్న తప్పకుండా పెట్టండి. ఆ సంభాషణలు అంత బరువుగా, అంత సులువుగా ఎలా ఉన్నాయో అర్థం కావాలంటే వాటి వెనక ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ గాలి పీల్చిన పెద్ద రచయిత ఉన్నాడని తెలియాలి.

రామాయణం దగ్గరికి వస్తే, 1987 జనవరి 25న మొదలైంది, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. రామానంద్ సాగర్ నిర్మాణం, గుజరాత్‌లోని ఉమర్‌గావ్‌లో షూటింగ్, రవీంద్ర జైన్ సంగీతం. ఇవన్నీ అందరూ అడిగేవే. తెలుగువాళ్ళ కోసం ఒక ప్రశ్న నేను ఎప్పుడూ చేతిలో ఉంచుకుంటాను. సీరియల్ మొదట్లో పడే టైటిల్స్‌లో వాల్మీకి, తులసీదాసుతో పాటు కంబ రామాయణం, కృత్తివాస రామాయణం లాంటి ప్రాంతీయ రామాయణాలు కూడా ఆధారాలుగా చూపించారు. అందులో తెలుగుది ఒకటి ఉంది. ఏది? మొల్ల అంటారు, భాస్కర రామాయణం అంటారు, విశ్వనాథవారి కల్పవృక్షం అనేవాళ్ళూ ఉంటారు. జవాబు రంగనాథ రామాయణం. పదమూడో శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి ద్విపదలో రాసినది. వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత వాల్మీకిలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. ఆదివారం పొద్దున హిందీ అర్థంకాకపోయినా టీవీ ముందు కూర్చున్న మన తాతమ్మలకి, ఆ తెరమీద తమ ఊరి రామాయణం పేరు కూడా పడిందని ఎవరూ చెప్పలేదు. జవాబు అయ్యాక దీని మీద ఒక్క నిమిషం ఎక్కువ మాట్లాడినా ఫరవాలేదు.

ఈ నటుల్లో ఎంతమంది పార్లమెంటుకు వెళ్ళారన్నది ఇంకో మంచి గొలుసు. 1991 లోక్‌సభ ఎన్నికల్లో సీత, రావణుడు ఇద్దరూ ఒకే పార్టీ నుంచి, ఒకే రాష్ట్రం నుంచి గెలిచారు. దీపికా చిఖ్లియా బరోడా నుంచి, అరవింద్ త్రివేదీ సాబర్‌కాంఠా నుంచి, ఇద్దరూ బీజేపీయే. మహాభారతంలో కృష్ణుడు నితీష్ భరద్వాజ్ 1996లో జంషెడ్‌పూర్ నుంచి గెలిచారు. హనుమంతుడు దారా సింగ్ 2003లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ద్రౌపది రూపా గంగూలీ 2016లో. మరి రాముడు? అరుణ్ గోవిల్ 2024లో మీరట్ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. సీతారావణులకంటే 33 ఏళ్ళు ఆలస్యం. "రామాయణం సీరియల్ నుంచి పార్లమెంటుకు అందరికంటే ఆఖరున వెళ్ళింది ఎవరు?" అని అడిగితే, రాముడే మొదట వెళ్ళి ఉంటాడని అందరూ అనుకుంటారు కాబట్టి పట్టుమని ఇద్దరు కూడా సరిగ్గా చెప్పలేరు. ఇది విని తెలుగు జట్లలో ఎవరో ఒకరు మన రామారావుగారి సంగతేమిటంటారు. నిజమే, రాముడిగా కృష్ణుడిగా తెరమీద వెలిగిన మనిషి 1983 జనవరిలోనే ముఖ్యమంత్రి అయ్యారు, అప్పటికి దూరదర్శన్ రామాయణం పుట్టనే లేదు.

హమ్ లోగ్ గురించి రెండే మాటలు. 1984 జులై 7న మొదలైంది. దాన్ని "దేశంలో తొలి టీవీ సీరియల్" అని ప్రశ్నలో రాయకండి, దూరదర్శన్‌లో అంతకుముందూ సీరియళ్ళు వచ్చాయి. స్పాన్సర్‌తో, రోజువారీ మధ్యతరగతి బతుకుతో దేశమంతటినీ కూర్చోబెట్టిన తొలి సోప్ ఒపెరా అంటే సరిపోతుంది. దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడ మిగెల్ సబీదో అనే ఆయన కథలో సామాజిక సందేశాన్ని కలిపి టెలీనోవెలాలు తీసేవాడు, ఆ పద్ధతి మన అధికారుల కంటపడింది. రచయిత మనోహర్ శ్యామ్ జోషీ చేతిలో అది పూర్తిగా మన ఇంటి కథైపోయింది. ప్రతి ఎపిసోడ్ చివర అశోక్ కుమార్ వచ్చి మాట్లాడేవారు. స్పాన్సర్ ఎవరో అడగండి, మ్యాగీ అని తెలిస్తే పిల్లలు ఉలిక్కిపడతారు. ఇంకో తమాషా: అందులో బామ్మ వేసిన సుష్మా సేఠ్, మఝ్లీ వేసిన దివ్యా సేఠ్ నిజంగా తల్లీకూతుళ్ళు, సీరియల్లోనేమో నానమ్మా మనవరాలూ.

అదే 1984లో వచ్చిన 'యే జో హై జిందగీ'లో దాదాపు ప్రతి వారం కొత్త వేషంలో వచ్చే నటుడు సతీష్ షా. కథానాయిక స్వరూప్ సంపత్ 1979 మిస్ ఇండియా. దీనికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

మాల్గుడి డేస్‌కి మాత్రం ఒక చిన్న రౌండ్ మొత్తం ఇవ్వొచ్చు. ఆర్.కె. నారాయణ్ కథలు, తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు, శంకర్ నాగ్ దర్శకత్వం, ఎల్. వైద్యనాథన్ సంగీతం, కర్ణాటకలోని ఆగుంబెలో చిత్రీకరణ. స్వామి వేసిన మాస్టర్ మంజునాథ్‌ని 1990లో మళ్ళీ ఎక్కడ చూశాం? 'అగ్నిపథ్'లో చిన్నప్పటి అమితాబ్‌గా. స్వామి తండ్రి గిరీష్ కర్నాడ్‌ని తెలుగులో ఎక్కడ చూశాం? జంధ్యాల 'ఆనందభైరవి'లో. ఈ రెండో ప్రశ్నకు సంగీతం తెలిసిన పెద్దావిడ ఒకరు చెయ్యెత్తుతారు, కావాలంటే చూడండి.

నెహ్రూ 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' పుస్తకం ఆధారంగా తీసిన భారత్ ఏక్ ఖోజ్ 1988 నవంబరు 14న, ఆయన పుట్టినరోజున మొదలైంది. నెహ్రూగా రోషన్ సేఠ్. ఆయన 1982 'గాంధీ' సినిమాలోనూ నెహ్రూయే. దర్శకుడు శ్యామ్ బెనెగల్ హైదరాబాద్ తిరుమలగిరిలో పుట్టినవాడు, వాణిశ్రీతో తెలుగులో 'అనుగ్రహం' తీసినవాడు. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, తెలుగు రౌండ్‌లో పనికొస్తుంది.

'తమస్' 1988లో వచ్చింది. దేశ విభజన నేపథ్యం కాబట్టి ఆపాలని కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు స్వయంగా చూసి అనుమతిచ్చారు, సుప్రీంకోర్టు కూడా ఆపలేదు. నవల రాసిన భీష్మ సాహనీ అందులో హర్నామ్ సింగ్‌గా నటించారు కూడా. మంచి ప్రశ్న, కానీ జవాబు చెప్పాక చర్చ రాజకీయాల వైపు పోకుండా వెంటనే తర్వాతి ప్రశ్న అందుకోండి. టిప్పు సుల్తాన్ సీరియల్ షూటింగ్‌లో 1989లో మైసూరు ప్రీమియర్ స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదాన్ని మాత్రం పండగపూట అడక్కండి. అరవై మందికి పైగా పోయారు. మార్కులు వేసే విషయం కాదది.

తొంభైల్లోకి వస్తే, 1991 'చాణక్య'లో సేనాపతి భద్రశాలుడు, తర్వాత 'చంద్రకాంత'లో బద్రీనాథ్, 2006లో మహేష్ బాబు 'సైనికుడు'లో ప్రతినాయకుడు, ఈ ముగ్గురూ ఒకరే, ఎవరు? ఇర్ఫాన్ ఖాన్. ఫోటోలు చూపించి అడిగితే ఇంకా బాగుంటుంది, భద్రశాలుణ్ణి చూసి చాలామంది గుర్తుపట్టలేరు.

ఇప్పుడు మన దూరదర్శన్, మన చానెళ్ళు. హైదరాబాద్ కేంద్రం 1977 నుంచి ఉంది. తెలుగు వార్తలు మాత్రం 1983 నవంబరు 14న మొదలయ్యాయి, చదివింది శాంతిస్వరూప్. ఇక్కడే ఆ నవంబరు 14 ముడి. ఒకే తారీఖున, ఐదేళ్ళ తేడాతో రెండు టీవీ మైలురాళ్ళు, రెండిట్లోనూ హైదరాబాద్ ఉంది. ఆ రోజుల్లో టెలీప్రాంప్టర్ లేదు. వార్తలు ముందే చదివి బుర్రకెక్కించుకుని కెమెరాలోకి చూస్తూ చెప్పేవారాయన. మా ఇంట్లో ఆయన వస్తే వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా తగ్గేది. శుక్రవారం సినిమా పాటలు వేసే చిత్రలహరి గురించి వేరే చెప్పక్కర్లేదు, అది అడగడానికి కాదు, తలచుకోవడానికి. ధర్మవరపు సుబ్రహ్మణ్యం సినిమాల్లో లెక్చరర్ కాకముందు దూరదర్శన్ 'ఆనందోబ్రహ్మ'తో ఇంటింటికీ తెలిసినవాడన్నది పిల్లలకి కొత్త కబురు.

ఈటీవీ 1995 ఆగస్టు 27న వచ్చింది, మరుసటి ఏడే బాలుగారి పాడుతా తీయగా. ఈ చానెల్ నుంచి ఒక్క ప్రశ్నే పెట్టుకోవాలంటే నేను 'శాంతి నివాసం' పెడతాను. 2001లో 'స్టూడెంట్ నెం.1'తో సినిమాకు రాకముందు ఈ సీరియల్‌కి దర్శకత్వం చేసిన కుర్రాడు ఎవరు? రాజమౌళి. ఆ కుటుంబం మీదుగానే అమృతానికి వెళ్ళిపోవచ్చు. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో 2001 నవంబరు నుంచి ఆరేళ్ళు జెమినిలో వచ్చిన అమృతం టైటిల్ పాట సిరివెన్నెల రాస్తే, బాణీ కట్టింది కల్యాణి మాలిక్, అంటే రాజమౌళికి అన్న వరసయ్యే కీరవాణి తమ్ముడు. అమృతరావు వేషం ముగ్గురు వేశారు: శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. అతని స్నేహితుడు అంజి మాత్రం ఒక్కరే, గుండు హనుమంతరావు. "అమృతం మారాడు గానీ అంజి మారలేదు" అన్నది ప్రశ్నగా మార్చుకోండి. హర్షవర్ధన్ తర్వాత 'మనం' సినిమాకి మాటలు రాశాడన్నది కొసరు. ఒక హెచ్చరిక: అమృతం యూట్యూబ్‌లో ఉంది, ఇప్పటి పిల్లలు అన్నం తింటూ చూస్తున్నారు. ఈ రౌండ్‌లో పెద్దలు ఓడిపోతారు, బాధపడొద్దని ముందే చెప్పండి.

నమ్మకూడని వాటి గురించి అడిగారు కదా. "ఫలానా పాత్రకి ముందు ఫలానా హీరోయిన్‌ని అనుకున్నారట" అనే సరుకు మొత్తం పక్కన పెట్టేయండి. 'ట' తో ముగిసేది ప్రశ్న కాదు. రెండోది, 2020 ఏప్రిల్ 16న రామాయణం పునఃప్రసారాన్ని 7.7 కోట్లమంది చూశారు, ప్రపంచ రికార్డు అని దూరదర్శన్ ప్రకటించింది. అంతమంది చూడటం సంగతి అలా ఉంచితే, "ప్రపంచ రికార్డు" అన్నమాట నిలవదు. 1983 ఫిబ్రవరిలో అమెరికాలో 'మ్యాష్' సీరియల్ చివరి ఎపిసోడ్‌ని పది కోట్లకు పైగా చూశారు. కాబట్టి ప్రశ్న పెట్టాలనుకుంటే "దూరదర్శన్ ఏమని ప్రకటించింది" అని అడగండి, రికార్డుని మీ నోటితో చెప్పకండి. ఎవరైనా జవాబు మీద గొడవకు దిగితే సీరియల్ టైటిల్స్ ఫోన్లో తీసి చూపించండి, వికీలు, వాట్సాప్ ఫార్వర్డులు కాదు. ప్రతి ప్రశ్నకీ ముందే అలా ఒక ఆధారం దగ్గర పెట్టుకుని కూర్చోండి.

చివరి ప్రశ్న 1988 ఆగస్టు 15న వచ్చిన 'మిలే సుర్ మేరా తుమ్హారా' క్లిప్ మీద పెట్టండి. అందులో తమిళ పంక్తి పాడుతూ కనిపించే తెలుగువాడెవరు? తూర్పుగోదావరి శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ. జవాబు వచ్చాక క్లిప్ మధ్యలో ఆపకండి, హాలంతా ఎలాగూ పాడుతుంది. స్కోర్లు ఆ తర్వాత చదవచ్చు.